లెఫ్ట్ బ్యాక్‌ను తీసేయమని రాసిన వేసవి

ఒక జట్టులో ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపించాలో రాసివ్వడం నా ఉద్యోగ జీవితంలో చివరి పని. ముప్పై ఏళ్లకు పైగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బళ్లలో పీఈటీగా చేసి, మెడలోని ఈల తీసి గూట్లో పెట్టేశాక వచ్చిన పని అది. ఇది చదివే మీలో కొందరు ఇప్పుడు అదే దారిలోకి వస్తున్నారు. లాప్‌టాప్‌లు, వీడియోలు, పరుగుల లెక్కలు నాకంటే మీకే బాగా తెలుసు. అందుకని నేను బాగా చేసిన పనుల గురించి చెప్పి మిమ్మల్ని విసిగించను. తప్పు చేసిన వేసవి గురించి చెబుతాను.

హైదరాబాద్‌లోని ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బు తమ మహిళల జట్టు కోసం నన్ను పిలిచింది. మా బడి పిల్లలు ఇద్దరు ముగ్గురు అంతకుముందే ఆ క్లబ్బులో ఆడి ఉండటంతో నా పేరు వాళ్లకు తెలిసింది. సీజన్ నడుస్తున్నప్పుడు నాకు పెద్దగా పని ఉండేది కాదు. సీజన్ ముగిసి, మళ్లీ మొదలయ్యే లోపు ఉండే ఆ మూడు నాలుగు నెలలే నా హడావిడి. ఒప్పందం ముగిసినవాళ్లు వెళ్లిపోతారు. కొత్తవాళ్లను తీసుకోవాలి. పోయినవాళ్ల వల్ల జట్టుకు ఎంత లోటు వచ్చింది, వచ్చేవాళ్లు దాన్ని తీర్చగలరా, ఉన్నవాళ్లలో ఎవరితో ఇక పని లేదు అన్నవి తూచి కోచ్‌కు రిపోర్టు ఇవ్వాలి. చెప్పడానికి తేలిక. ఆ కాగితం మీద ఉండే ప్రతి పేరు ఒక మనిషి బతుకు అని మాత్రం రాసేటప్పుడు గుర్తుండదు.

ఆ ఏడాది మా జట్టు పట్టికలో కింది నుంచి రెండోది. ఇంకొక్క మ్యాచ్ ఓడి ఉంటే కింది లీగ్‌కు పడిపోయేవాళ్లం. దానికి తోడు సీజన్ అయిన వారానికే మా కెప్టెన్‌ను వేరే రాష్ట్రంలోని పెద్ద క్లబ్బు ఎగరేసుకుపోయింది. ఆమె స్టాపర్. అంటే గోల్‌కీపర్ ముందు, రక్షణ వరుసకు నడిమధ్యన నిలబడే మనిషి. చూడముచ్చటైన ఆట ఆమెది. కాలికి బంతి దొరికితే సగం మైదానం దాటి ముందుకు దూసుకుపోయేది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. మా జట్టు గురించి పేపర్లో ఎప్పుడైనా నాలుగు ముక్కలు వస్తే అందులో రెండు ముక్కలు ఆమె గురించే ఉండేవి.

మా కోచ్ సికింద్రాబాద్ మనిషి, ముప్పై అయిదు దాటని వయసు. ఆట అంటే ప్రాణం, ఓపిక మాత్రం తక్కువ. హైదరాబాద్‌లో మా మైదానానికి మరమ్మతులు జరుగుతుండటంతో ఆ వేసవి శిబిరాన్ని వనపర్తిలో పెట్టుకున్నాం. మొదటి రోజే అతను నా పక్కకు కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"మేడం, ఈసారి గట్టిగ రాయండి. మొహమాటం వద్దు. దయ చూపిస్తే పడిపోతం" అన్నాడు.

గట్టిగానే రాశాను.

మా లెఫ్ట్ బ్యాక్, అంటే రక్షణ వరుసలో ఎడమ వైపు ఆడే అమ్మాయి, గద్వాల పిల్ల. నేత కుటుంబం. ఆరో తరగతిలో ఉన్నప్పుడు బూట్ల లేసులు ఎలా బిగించాలో నేర్పింది నేనే. అప్పటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. మోకాలికి ఒకసారి దెబ్బ తగిలి కోలుకుంది. ఆ సీజన్ వీడియోల్లో ఏ గోల్ చూసినా ఒకటే వరస. అవతలివాళ్లు మా ఎడమ వైపు నుంచి దూసుకొస్తారు, ఆమె ఎక్కడి నుంచో రొప్పుకుంటూ పరుగెత్తుకొస్తుంది, అందుకోలేకపోతుంది. "వేగం తగ్గింది. మోకాలు నమ్మదగింది కాదు. వదిలేయవచ్చు" అని రాశాను.

ఇంకో కారణం కూడా ఉంది. అది రిపోర్టులో రాయలేదు. ఆమె నా శిష్యురాలని క్లబ్బులో అందరికీ తెలుసు. ఆమెను ఉంచమని రాస్తే మేడం తన పిల్లను కాపాడుకుంటోంది అంటారేమోనన్న భయం. మిగతా డిఫెండర్ల మ్యాచ్‌లు మూడేసి సార్లు చూసినదాన్ని, ఆమె మ్యాచ్‌లు ఒక్కసారి చూసి పక్కన పెట్టాను. అప్పుడు దాన్ని న్యాయం అనుకున్నాను. పక్షపాతం చూపలేదని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆమె చోటికి నేను సూచించింది తెలకపల్లి దగ్గర పల్లెటూరి అమ్మాయిని. పత్తి, పల్లీ వేసే రైతు కుటుంబం. పంతొమ్మిదేళ్లు. నాగర్‌కర్నూల్‌లో ఒక టోర్నమెంటులో చూశాను. ఆమె పరుగు చూస్తూ ఉండిపోతే నా చేతిలోని టీ చల్లారిపోయింది. ఒక్కటే లోపం, నోరు విప్పేది కాదు. పేరు అడిగినా పక్కనున్న పిల్ల చెప్పాల్సిందే. దాన్ని నేను లోపంగా లెక్కపెట్టలేదు. ఫుట్‌బాల్ నోటితో ఆడతారా అనుకున్నాను.

కోచ్ రిపోర్టు చదివి ఎంతో సంతోషపడ్డాడు, తెలకపల్లి పిల్లను వెంటనే శిబిరానికి పిలిపించాడు. వదిలేస్తున్న సంగతి క్లబ్బు ఫోన్‌లో ఒక మెసేజ్ పంపి చెప్పేస్తుంది, అది వాళ్ల పద్ధతి. నాకు మనసొప్పలేదు. నేనే వెళ్లి చెబుతానన్నాను. పొద్దున్నే వనపర్తిలో బస్సెక్కి, ఆత్మకూరు మీదుగా, జూరాల కట్ట దాటి గద్వాల చేరాను. దారి పొడవునా ఏం మాట్లాడాలో వల్లె వేసుకుంటూనే ఉన్నాను.

ఆమె ఇంట్లో మగ్గం మీద ఉంది. సెలవుల్లో ఇంటికొస్తే తల్లికి చేతిసాయం. తల్లి పక్కన కూర్చొని పట్టు దారం సరిచేస్తోంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు. తల్లి నీళ్లిచ్చింది. నేను వల్లె వేసుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఒకే వాక్యంలో చెప్పేశాను.

ఆమె పీట వేసి నన్ను కూర్చోమంది. తరవాత, "రిపోర్టుల నా గురించి ఏం రాసిన్రు మేడం? సదువుండ్రి" అంది.

"ఎందుకు బిడ్డా ఇప్పుడు అది?"

"సదువుండ్రి. మీరు రాసిందే గద. ఇనాలె నేను."

సంచిలోంచి కాగితం తీసి చదివాను. మూడు వాక్యాలు. చదవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె తల వంచుకొని విని, తరవాత నా ముఖంలోకి సూటిగా చూసింది.

"ఇందుల అబద్ధమేం లేదు మేడం. లేటుగనే వస్తుంటి. కానీ ఏడికెంచి వస్తుంటినో మీరు చూడలే."

"అంటే?"

"కెప్టెనక్క ముందుకు పోయినప్పుడల్లా నడుమ ఖాళీ అయితుండె. ఆ ఖాళీల ఎవరు నిలబడాలె? నేనే లోపటికి ఉరుకుతుంటి. ఇంతల బంతి నా దిక్కు పడుతుండె. మళ్ల అటు ఉరుకుతుంటి. ఒక్కదాన్ని, రెండు జాగలు. గా ఉరుకుడు వీడియోల రాదు మేడం. వీడియో బంతి ఎంబడే పోతది."

"మరి కోచ్‌కు చెప్పలేదేం?"

"ఏం చెప్పాలె? అక్క మీద చాడీలు చెప్తున్న అనుకోరా? గెలిస్తే సాలనుకున్న."

తల్లి అంతసేపూ పట్టు దారం సరిచేస్తూనే ఉంది. నేను లేచేటప్పుడు మాత్రం, "మేడం, మీరు చేతుల పెట్టిన ఆటనే. మీరే వద్దన్నంక మేమేమంటం" అంది. తిట్టి ఉంటే బాగుండేదని వనపర్తి తిరిగొచ్చే దాకా అనిపించింది.

ఆ తరవాతి మూడు రోజులు శిబిరం అవ్వగానే గదికొచ్చి, కిటికీ తెరలు దించి వీడియోలు మళ్లీ చూశాను. మా మ్యాచ్‌లకు ఒకే కెమెరా. నిజంగానే అది బంతి వెంటే పోతుంది. కానీ ప్రతి దాడికి ముందు రెండు మూడు క్షణాలు మైదానమంతా కనబడుతుంది. ఆ క్షణాల్లో ఆమెను మాత్రమే చూడాలని, బంతి ఉన్న వైపు టీవీ మీద తువ్వాలు కప్పాను. మా కోచ్ గదిలోకి తొంగిచూసి, టీవీకి తువ్వాలు చుట్టిన నన్ను చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు.

ఆమె చెప్పింది నిజం. ఇంకా చెప్పాలంటే ఆమె తక్కువే చెప్పింది. కెప్టెన్ ముందుకు కదలకముందే ఈమె లోపలికి కదులుతోంది. అవతలివాళ్ల పాస్ ఎక్కడ పడుతుందో బంతి కంటే ముందే తెలిసినట్టు వెళ్లి నిలబడుతోంది. మేం గోల్ తిన్న దాడులు నేను అన్నీ చూశాను. గోల్ కాకుండా ఆగిపోయినవి చూడలేదు. అవి ఆగిపోయింది ఆమె వల్ల. ఆగిపోయినవి ఎవరికి గుర్తుంటాయి?

ఇంకా పెద్ద తప్పు ఒకటి బయటపడింది. నేను అంచనా వేసింది పోయిన ఏడాది జట్టును. ఆ జట్టు ఇప్పుడు లేనే లేదు. కెప్టెన్ వెళ్లిపోయింది. ఒక మనిషి పోతే ఆ ఒక్క చోటే ఖాళీ అవుతుందనుకున్నాను. నిజానికి మిగిలిన పది మంది పనీ మారిపోతుంది. రెండు చోట్లా కాపలా కాసి అలిసిపోయిన మనిషి, కాయాల్సింది ఒకే చోటైతే ఎలా ఆడుతుందో నేను అడగనే లేదు.

కోచ్‌ దగ్గరికి వెళ్లి, నా రిపోర్టు తప్పని చెప్పాను. అతను మైదానంలో గుర్తుకు పెట్టే ప్లాస్టిక్ కోన్లను ఒకదానిలో ఒకటి దోపుకుంటూ విన్నాడు.

"మేడం, తప్పుగ అనుకోకండి. మీ స్టూడెంట్ ఇంటికి పోయి వచ్చినంక రిపోర్టు మారుస్తున్నరు. క్లబ్బులో ఏమంటరు?"

నేను భయపడిన మాట అదే. ఎదురుగా వచ్చి నిలబడితే మాత్రం అంత భయంగా లేదు.

"అననీ. నువ్వు మాత్రం ఒక్కసారి తువ్వాలు కప్పి చూడు" అన్నాను.

అతను వీడియో చూశాడు. పూర్తిగా నమ్మలేదు, పూర్తిగా కొట్టిపారేయలేదు. ఆదివారం పొద్దున కాలేజీ అబ్బాయిల జట్టుతో ప్రాక్టీస్ మ్యాచ్ ఉంది. ఆటగాళ్ల పేర్లు లీగ్‌కు పంపే గడువు ఆ తరవాత రెండు రోజుల్లో ముగుస్తుంది. "ఆదివారం పిలవండి. సెకండ్ హాఫ్ ఆడిద్దాం. నడుమ, స్టాపర్‌గ. మనకు కెప్టెన్ జాగా ఇంకా ఖాళీనే గద" అన్నాడు. ఆ చోటికి మేం మాట్లాడుకున్న పొరుగు రాష్ట్రం అమ్మాయి అప్పటికే వేరే క్లబ్బుకు మాటిచ్చేసింది. లెఫ్ట్ బ్యాక్‌ను స్టాపర్‌గా మార్చాలన్న ఆలోచన నాది కాదు, అతనిదే. ఓపిక లేనివాడని పైన అన్నాను. కళ్లున్నవాడని కూడా రాయాలి.

గద్వాలకు ఫోన్ చేశాను.

"పరీక్ష పెడ్తరా మేడం నాకు? ఇన్నేండ్లు ఆడినంక?" అంది ఆమె. గొంతులో కోపం ఉంది. ఉండాల్సిందే.

"పరీక్ష నీకు కాదు బిడ్డా. నాకు. నేను రాసింది తప్పని అందరి ముందు తేలాలి."

ఫోన్‌లో వెనక నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. తల్లి నేస్తున్నట్టుంది.

"నా జాగల ఎవరినో తెస్తున్రంట గద?"

"తెలకపల్లి పిల్ల. పంతొమ్మిదేళ్లు."

"ఆ పిల్లను తీసేసి నన్ను పెడ్తనంటే రాను. పాపం, ఇంట్ల అందరికి చెప్పుకొని ఉంటది. ఆమె ఆడాలె, నేనాడాలె. గట్లయితేనే వస్త."

ఆదివారం ఎండ పొద్దున ఏడింటికే చురుక్కుమంటోంది. మొదటి సగంలో మా కొత్త జట్టును నా రిపోర్టు ప్రకారమే దింపాం. నడుమ ఒక మిడ్‌ఫీల్డర్‌ను సర్దాం. ఎడమ వైపు తెలకపల్లి పిల్ల. పరుగులో అబ్బాయిలు కూడా ఆమెను అందుకోలేకపోయారు. కానీ ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేవాళ్లు లేరు. తను ఎవరినీ అడగదు. ఆమె ముందుకు వెళ్లిన ప్రతిసారీ వెనక వాకిలి తెరిచినట్టే. మూడు గోల్స్ తిన్నాం. మూడోదానికి ఆ పిల్ల మైదానం మధ్యలో నిలబడి చేతులతో ముఖం కప్పుకుంది. ఒక రిపోర్టుతో ఇద్దరు ఆడపిల్లలకు అన్యాయం చేశానని అప్పుడు అర్థమైంది. ఒకరిని అక్కర్లేదన్నాను, ఇంకొకరిని ఒంటరిగా వదిలేశాను.

రెండో సగానికి గద్వాల అమ్మాయి దిగింది. మోకాలికి పట్టీ వేసుకుంది. దిగేటప్పుడు నా వైపు చూడలేదు. నేరుగా తెలకపల్లి పిల్ల దగ్గరికి వెళ్లి ఏదో చెప్పింది. అది నాకు వినబడలేదు. ఆ తరవాతివన్నీ మైదానం ఇవతలి దాకా వినబడ్డాయి.

"పో, పో, పో! భయపడకు, ఎనక నేనున్న! ... ఆగు. ఆగమంటున్న గద! ... లోపటికి జరుగు. గట్ల! శబాష్!"

నలభై అయిదు నిమిషాలు ఆ గొంతు ఆగలేదు. ఆమె పెద్దగా పరుగెత్తలేదు. పరుగెత్తాల్సిన అవసరం రాలేదు. అబ్బాయిలు పాస్ ఇచ్చే చోట ముందే నిలబడి ఉండేది. ఒకసారి మాత్రం వాళ్ల ఫార్వర్డ్ ఒకడు తప్పించుకొని ఒంటరిగా దూసుకొచ్చాడు. వెంటపడితే అందుకోలేదని ఆమెకు తెలుసు. వెంటపడలేదు. వాణ్ని మెల్లగా మూలకు తోలుకుంటూ పోయి, "వచ్చెయ్ పిల్లా!" అని ఒక్క కేక పెట్టింది. తెలకపల్లి పిల్ల అవతలి సగం నుంచి గాలిలా వచ్చి వాడి కాళ్ల దగ్గర బంతి లాగేసుకుంది.

లాగేసుకున్నాక ఆ పిల్ల గట్టిగా అరిచింది. "అక్కా, తీస్కో!" అని బంతి వెనక్కి తన్నింది. రెండు వారాల శిబిరంలో ఆ పిల్ల గొంతు నేను వినడం అదే మొదలు.

మ్యాచ్ ఓడిపోయాం. మూడు ఒకటి. కానీ రెండో సగంలో ఒక్క గోల్ కూడా తినలేదు. తెలకపల్లి పిల్ల మోసుకెళ్లిన బంతి మీదే మా గోల్ వచ్చింది. అబ్బాయిల కోచ్ మా కోచ్‌తో చెయ్యి కలుపుతూ, "ఆ నడుమ మేడం ఎవరు భయ్, ముందుగాల ఎందుకు ఆడియ్యలే?" అని అడిగాడు. మావాడు నన్ను చూసి నవ్వి ఊరుకున్నాడు.

నా పాత రిపోర్టు మీద అడ్డంగా గీత కొట్టి, "ఇది నా పొరపాటు" అని రాసి సంతకం చేసి క్లబ్బుకు పంపాను. ఒకరిద్దరు వెనకాల అనుకున్నారు, నాకు తెలుసు. అనుకోనీ అనుకున్నాను. ఆమె దగ్గరికి వెళ్లి, "తప్పు రాసిన బిడ్డా" అన్నాను. ఆమె బూట్లు విప్పుతూ తలెత్తకుండానే, "తప్పు రాసుడు కాదు మేడం. తొందరగ రాసిన్రు" అంది. ఆమె నన్ను పూర్తిగా క్షమించడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది. ఆ మాట కూడా దాచకుండా చెబుతున్నాను.

ఆ సీజన్‌లో కప్పు గెలిచామని చెబితే మీకు బాగుంటుంది. గెలవలేదు. పట్టిక మధ్యలో నిలిచాం, పడిపోతామన్న పరేషాన్ లేకుండా. తెలకపల్లి పిల్ల ఏడాది తిరిగేసరికి రాష్ట్రం జట్టులోకి వెళ్లింది. ఇప్పుడు ఆమెను మాట్లాడకుండా ఆపడం కష్టమని కోచ్ మొర. నేను మాత్రం ఆ తరవాత రాసిన ప్రతి రిపోర్టుకూ ముందు, ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, నీ గురించి కెమెరాకు తెలియనిది ఏముంది అని అడిగేదాన్ని. సగం మంది చెప్పడానికి సిగ్గుపడేవారు. మళ్లీ అడిగేదాన్ని.

రెండు సీజన్లు ఆడాక, మొన్న వేసవిలో గద్వాల అమ్మాయి తనంతట తానే కోచ్ దగ్గరికి వెళ్లి, ఇక ఆడనని చెప్పింది. మోకాలు ఒప్పుకోవడం లేదట. వెళ్లిపోతూ, జట్టులో తను లేకపోతే ఎవరు ఎక్కడికి జరగాలో, తన చోటికి ఎవరిని చూడాలో నాలుగు పేజీలు రాసిచ్చింది. కొల్లాపూర్ వైపు ఒక అమ్మాయి ఉందని, ఆమె ఆట మూడుసార్లు వెళ్లి చూసొచ్చానని కూడా రాసింది. నాకు కూడా వయసు మీద పడి, ఆ పని వదిలేద్దామని చూస్తున్న రోజులు. కోచ్ ఆ పేజీలు నాకు పంపి, సరిచూసి సంతకం పెట్టమన్నాడు. రెండుసార్లు చదివాను. దిద్దడానికి ఏమీ దొరకలేదు. సంతకం నాది కాదు, రాసినామెదే ఉండాలని చెప్పి తిప్పి పంపాను. ఇకమీదట ఆ పని కూడా ఆమెకే ఇవ్వమన్నాను. క్లబ్బు ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున ఆమె ఫోన్ చేసింది.

"మేడం, సంతకం పెట్టిన. కింద హోదా రాయమంటున్రు. ఏం రాయాలె? ప్లేయర్ కాకపోతిని."

"ఆటగాళ్ల పరిశీలకురాలు అని రాయి."

ఆమె రాయబోయి ఆగినట్టుంది. తరవాత చిన్న నవ్వు.

"మస్తు పెద్ద మాట ఉంది మేడం. జర మెల్లగ చెప్పుండ్రి, తప్పు పోవద్దు."

నేను ఒక్కొక్క అక్షరమే చెప్పాను. ఆమె పైకి పలుకుతూ రాసుకుంది.